ఫలితాల రోజు మొదటి మాట

నేను నూజివీడులో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఇంటర్ చదివే ఆడపిల్లల తల్లిదండ్రులతో మాట్లాడే పని నా మీద పడటానికి నాకున్న ప్రత్యేక అర్హతేమీ లేదు. మా ప్రిన్సిపాల్ గారికి ఏడ్చేవాళ్లను చూస్తే భయం. ఆయన గదిలోకి ఏ తల్లయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చిందంటే చాలు, బెల్లు కొట్టి అటెండర్‌ని పిలిచి, "బోటనీ మేడం గారి దగ్గరికి తీసుకెళ్లు" అనేవారు. అలా ఒకరూ ఇద్దరూ వచ్చి వచ్చి, చివరికి అది నా పనే అయిపోయింది.

నాకు పిల్లల్లేరు. ఈ మాట ముందే చెప్పెయ్యడం మంచిది. వచ్చినవాళ్లు కూడా దాన్ని ముందే కనుక్కునేవారు. "మేడంగారికి ఎంతమంది పిల్లలండి?" అని అడిగేవారు. నేను చెప్పాక కాసేపు కిటికీలోంచి బయటికి చూసేవారు. తర్వాత తమ ప్రశ్నలు మొదలుపెట్టేవారు. బాగా చదువుతుందా అండి? క్లాసులో నిద్రపోతుందా? ఎవరితోనైనా ఎక్కువ మాట్లాడుతుందా? పదహారు పదిహేడేళ్ల పిల్ల ఇంట్లో ఉంటే అమ్మానాన్నలకి ఇంతకంటే పెద్ద బెంగలుండవు. మా పిల్ల సంతోషంగా ఉంటుందా అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. అడక్కూడదని కాదు, అది కాలేజీలో అడగాల్సిన ప్రశ్న అని వాళ్లకి తోచదు.

కొన్నేళ్ల కిందటి బ్యాచ్‌లో, బైపీసీ గ్రూపులో ఒకే బెంచీ మీద ఇద్దరు పిల్లలు కూర్చునేవారు. ఒకమ్మాయి ఊళ్లో మామిడికాయల వ్యాపారం చేసే ఆయన కూతురు. పొడుగ్గా, మందపాటి కళ్లజోడుతో ఉండేది. పదో తరగతి కాగానే విజయవాడలో హాస్టల్లో వేశారట. అక్కడ ఆ పిల్లకి నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. దసరా సెలవులకి ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లనని మంచం కోడు పట్టుకుని కూర్చుందట. తండ్రి తెచ్చి మా కాలేజీలో చేర్పించాడు. చేర్పించాడే గానీ, కూతుర్ని డాక్టర్ని చెయ్యాలన్న ఆశ మాత్రం విజయవాడలో వదిలిపెట్టి రాలేదు.

రెండో అమ్మాయి రెడ్డిగూడెం నుంచి రోజూ బస్సులో వచ్చేది. చిన్న మనిషి, గట్టి గొంతు. తండ్రి లారీ డ్రైవరు. మామిడి సీజన్లో లోడు వేసుకుని ఉత్తరాదికి వెళితే వారాల తరబడి రాడు. తల్లి వానాకాలం నాట్లకీ, వేసవిలో మామిడి తోటల్లో కాయ ఏరడానికీ కూలికి వెళ్లేది. ఈ ఇద్దరు పిల్లలూ ఎందుకు స్నేహితులయ్యారో నాకు తెలియదు. ఒకళ్ల టిఫిన్ డబ్బా ఇంకొకళ్లు తినడం మాత్రం చూసేదాన్ని.

వ్యాపారి గారు నాకు దాదాపు రోజూ ఫోన్ చేసేవారు. "నమస్తే మేడం. ఇవాళ టెస్టు పెట్టారా? మా అమ్మాయికెన్ని వచ్చినయ్యండి?" అంతే. ఇంకో మాట ఉండేది కాదు. కఠినమైన మనిషని కాదు. మధ్యాహ్నం వేడన్నం క్యారేజీ తనే పట్టుకొచ్చి గేటు దగ్గర ఎండలో నిలబడేవారు. కూతురు వచ్చి క్యారేజీ తీసుకుంటుంటే, "ఫిజిక్సులో ఎంతొచ్చింది?" అని అడిగేవారు. ఆ పిల్ల చెప్పేది. ఆయన తల ఊపి బండి స్టార్టు చేసేవారు. తండ్రీ కూతుళ్ల మధ్య రోజుకి నడిచే సంభాషణ అదేనని ఆ పిల్లే ఒకసారి నాతో అంది. ఫిర్యాదులా కాదు, టైము ఎంతయిందో చెప్పినట్టు మామూలుగా అంది.

రెడ్డిగూడెం పిల్ల తల్లి మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని ఉంది. చేతుల మీద మామిడి సొన పడి కాలిన నల్లటి మచ్చలు. తోటలోంచి సరాసరి వచ్చేసిందట. కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చుంది.

"మేడంగారూ, మా పిల్ల నాతో మాట్లాడటం మానేసిందండి" అంది.

"పోట్లాట ఏమైనా అయిందా?"

"పోట్లాటైనా బాగుండునండి. అదీ లేదు. ఏదడిగినా 'నీకు తెలీదులే అమ్మా' అంటుందండి. నిజమే, నాకు తెలీదు. ఏం మాట్లాడాలో తోచక నేనూ ఊరుకుంటన్నాను. ఒక గదిలో ఉంటాం, ఇద్దరం గోడలకేసి చూసుకుంటా కూర్చుంటాం."

 "తెలీకపోతే చెప్పమని అడగండి. కాలేజీలో ఏం చెప్పారో మీకు వినిపించమనండి. అర్థం కాకపోయినా వినండి" అన్నాను.

ఆమె కొన్నాళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి కుర్చీలో వెనక్కి జారగిలి కూర్చుంది.

"అడిగానండి. మొదట విసుక్కుంది. తర్వాత గుండెకాయ గురించి చెప్పిందండి. రక్తం ఎటెళ్తుందో, ఎటొస్తుందో బొమ్మేసి మరీ చెప్పింది."

"విన్నారా మరి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాదు, నవ్వు. "మధ్యలో నిద్రపోయానండి. పొద్దుననగా పన్లోకెళ్లినదాన్ని. తెల్లారి లేచి చూస్తే దుప్పటి కప్పి ఉంది. నేను కప్పుకోలేదండి."

ఆ రోజు ఆమె వెళ్లిపోయాక నేను చాలాసేపు తర్వాతి క్లాసుకి లేవలేదు.

అలా రెండేళ్లు గడిచాయి. రెండో సంవత్సరం పబ్లిక్ పరీక్షలు మార్చిలో అయిపోయాయి. పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయారు. ఏప్రిల్లో ఫలితాలు వస్తాయి. మా ప్రాంతంలో పరీక్షలకీ ఫలితాలకీ మధ్య రోజులు ఒక విచిత్రమైన కాలం. తోటల్లో కాయ ముదురుతుంటుంది, అందరి చేతులకీ పనుంటుంది, కానీ ఇంటర్ పిల్ల ఉన్న ఇంట్లో అందరి చెవులూ ఒకవైపే ఉంటాయి.  ఫలితాల మర్నాడు పేపర్లలో ఏ పిల్ల గురించి చదవాల్సి వస్తుందో అని నాకు భయం. 

దానికి తోడు నా సొంత జ్ఞాపకం ఒకటుంది. నా పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మా నాన్న పేపరు చూసుకుని ఇంటికొచ్చారు. నేను లెక్కల్లో తప్పాను. ఆయన సైకిలు దిగకుండానే నా వైపు చూసి, "అనుకున్నాలే" అన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. తర్వాత ఆయనే దగ్గర కూర్చుని లెక్కలు చెప్పి పాస్ చేయించారు. ఎంతో ప్రేమగా చూసిన మనిషి. అయినా ఆ ఒక్క మాట ఇన్నేళ్ల తర్వాత కూడా ఎప్పుడైనా చేతిలో పని చెడితే చెవిలో వినిపిస్తుంది.

అందుకని ఆ ఏడు ఫలితాలకి ముందు ఒక ఆదివారం తల్లిదండ్రుల్ని రమ్మన్నాను. పిల్లల్ని తీసుకురావద్దని మరీ మరీ చెప్పాను. కాలేజీ వరండాలో బెంచీలు వేయించాను. వచ్చింది కొద్దిమందే. ఎక్కువమంది తల్లులు. వ్యాపారి గారు వచ్చారు, వెనక బెంచీలో కూర్చుని ఫోన్లో కాయ ధరలు మాట్లాడుతున్నారు. రెడ్డిగూడెం తల్లి వచ్చింది. ఈసారి చొక్కా లేదు, ఉతికిన చీర కట్టుకుంది.

"ఫలితాలు రాగానే మీ పిల్ల మీ ముఖం వైపు చూస్తుంది. అప్పుడు మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంటో ఇప్పుడే అనుకోండి. ఇక్కడే ఒకసారి పైకి అనండి" అన్నాను.

 ఒకావిడ, "పాసైందా అని అడుగుతామండి" అంది. అందరూ నవ్వారు. "తప్పిందనుకోండి, అప్పుడు?" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

ఒక తండ్రి లేచి, "పర్లేదులే అమ్మా అంటానండి" అన్నాడు. పక్కనున్న భార్య వెంటనే, "ఈయన అనరండి. ముందు చెంబు విసిరేస్తారు" అంది. మళ్లీ నవ్వులు. ఇంకొకావిడ ప్రయత్నించబోయి కళ్లు ఒత్తుకుంటూ కూర్చుండిపోయింది. ఇంకా రాని ఫలితానికి ఏడ్చింది పాపం.

రెడ్డిగూడెం తల్లి లేచి నిలబడింది. ఎదురుగా కూతురున్నట్టే చెయ్యి చాపింది. "ఎంతొస్తే అంతొచ్చిందిలే. దా, అన్నం తిందాం" అంది. అంతే. గొంతులో ఎంత మెత్తదనం ఉందంటే, వరండాలో ఉన్నవాళ్లందరం ఆ అన్నానికి లేవబోయాం. కొందరు చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడి కూర్చుంది.

నేను వ్యాపారి గారి వైపు చూశాను. "మీరండీ?"

ఆయన ఫోను జేబులో పెట్టుకుని లేచారు. "ఇదంతా డ్రామా అండి మేడం. నా కూతురి దగ్గర నేను యాక్టింగ్ చెయ్యలేను. మార్కులు తగ్గితే నాకు బాధే. బాధ లేనట్టు మాట్లాడితే అది అబద్ధం కదండీ?" కొంచెం ఆగి, "మీకు పిల్లలుంటే తెలిసేది" అన్నారు.

 ఆయనకీ ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే వినిపించినట్టుంది. ఏదో అనబోయి, తల దించుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. నేను మిగతా మీటింగు నడిపించాను. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

ఫలితాలు ఏప్రిల్లో ఒక ఎండ రోజు పొద్దున వచ్చాయి. నేను ఇంట్లో కూర్చుని మధ్యాహ్నం దాకా ఒక్కొక్కళ్ల నంబరూ కొట్టి చూసుకుంటూనే ఉన్నాను. కళ్లజోడు పిల్ల పాసైంది, కానీ మార్కులు బాగా తగ్గాయి. ఫిజిక్సులో గట్టెక్కిందంతే. రెడ్డిగూడెం పిల్ల మిగతా అన్నీ పాసై ఫిజిక్సు తప్పింది. ఇద్దరి ఇళ్లకీ ఫోన్ చెయ్యాలి, ముందు ఎవరికి చెయ్యాలా అని ఆలోచిస్తుంటే నా ఫోనే మోగింది.

"మేడం, మా అమ్మాయి మీ ఇంటికేమైనా వచ్చిందా అండి?" వ్యాపారి గారి గొంతు నాకు అంత చిన్నగా ఎప్పుడూ వినిపించలేదు. పొద్దున బయటికెళ్లిన పిల్ల మధ్యాహ్నం దాటినా రాలేదు. ఫోను ఇంట్లోనే పెట్టేసింది. బంధువుల ఇళ్లన్నీ చూశారు. వాళ్లావిడ వీధిలో నిలబడి ఉంది.

 రెడ్డిగూడెం పిల్ల తల్లికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. తోటలో ఉంటే ఎత్తదు. "రెడ్డిగూడెం వెళదాం రండి. వెళితే అక్కడికే వెళ్లుంటుంది" అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో నాకే తెలియదు. ఆయన కారు తీసుకుని వచ్చారు.

 రోడ్డుకి రెండు వైపులా తోటలు, చెట్ల కింద కాయ గుట్టలు, ట్రేలు ఎత్తుతున్న మనుషులు. ఆయన దేన్నీ చూడట్లేదు.

"నేనేమీ అనలేదండీ మేడం" అన్నారు ఉన్నట్టుండి. "ఒక్క మాట కూడా అనలేదు. మార్కులు చూశాను. ఫోను టేబుల్ మీద పెట్టి కొట్టుకి వెళ్లిపోయాను. ఏదైనా అంటే కష్టపడుతుందేమోనని ఏమీ అనలేదండి. మంచి పనే చేశాననుకున్నాను."

మలుపు దగ్గర ఆయన కారు నెమ్మది చేశారు.

"అది నా వైపు చూసిందండి. గుమ్మం దాకా నా వెనకే వచ్చింది. నేను చెప్పులేసుకుని వెళ్లిపోయాను."

 కళ్లు తుడుచుకోవడానికి కూడా స్టీరింగు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఊళ్లో అడిగితే తోట దారి చూపించారు. రెడ్డిగూడెం దాటాక మట్టి రోడ్డు. కారు తోట గట్టు దగ్గర ఆగింది. చెట్ల నీడలో కాయ ట్రేల్లో సర్దుతున్నారు. పక్కనే వరిగడ్డి కుప్ప. దాని మీద ఇద్దరు పిల్లలూ ఒకళ్ల భుజానికి ఒకళ్లు ఆనుకుని కూర్చుని ఉన్నారు. కళ్లజోడు ఒడిలో ఉంది. నేను కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

ఆయన నడుచుకుంటూ వెళ్లి కూతురి ముందు నిలబడ్డారు. పనివాళ్లంతా చేతుల్లో కాయలతోనే ఆగిపోయి చూస్తున్నారు. ఆయన నోరు తెరిచారు, మూశారు. మళ్లీ తెరిచారు. ఆ పిల్ల తల దించుకుని ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది పట్టీ తెగి పక్కన పడి ఉంది. బస్సు దిగి ఆ ఎండలో మట్టి రోడ్డు మీద అలాగే నడిచొచ్చింది.

"కాలు కాలిందా?" అన్నారు ఆయన.

పిల్ల తల ఊపింది.

ఆయన వంగి తన చెప్పులు విప్పి కూతురి కాళ్ల ముందు పెట్టారు. "ఇవేసుకో" అన్నారు.

"మరి నువ్వు, నాన్నా?"

"నేను నడుస్తాలే."

ఆ పిల్ల ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. రెండు పాదాలు పట్టేంత పెద్దవి. లేచి ఒక అడుగు వేస్తే టపటపమని చప్పుడైంది. రెడ్డిగూడెం పిల్ల ఏడుపులోనే ఫక్కున నవ్వింది. దాంతో కళ్లజోడు పిల్లా నవ్వబోయి, తండ్రి చొక్కాలో ముఖం పెట్టుకుని భోరుమంది. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ఆ కాలే నేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డారు. 

అప్పుడు చూశాను రెడ్డిగూడెం తల్లిని. అందరికీ దూరంగా, బోర్లించిన ట్రే మీద, అటు తిరిగి కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లాను. నా వైపు చూడలేదు.

"చెయ్యి చేసుకున్నాను మేడంగారూ."

నేను పక్కన ఇంకో ట్రే బోర్లించుకుని కూర్చున్నాను.

"పొద్దున ఇక్కడికే పరిగెత్తుకొచ్చి చెప్పిందండి, తప్పాను అని. అందరూ ఉన్నారు. మేస్త్రి ఉన్నాడు. మీకందరికీ చెప్పి చూపిస్తినా, ఆ మాట ఎటుపోయిందో నాకు తెలీదండి. చెయ్యి లేచిపోయింది." తన అరచెయ్యి వైపు చూసుకుంది. "అంతలో ఆ పిల్ల వచ్చింది. మా దాన్ని ఓదార్చింది ఆ పిల్లే. ఆ పిల్ల గొడవేంటో కూడా నాకు తెలీదు."

"ఇప్పుడు చెప్పండి, ఆ మాట" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడంటే నాకే సిగ్గుగా ఉంటదండి."

ఆమె చెప్పింది నిజమే అనిపించింది. వరండాలో నేను అందరిచేతా పలికించిన మాటలు ఒకళ్లకి అవసరం పడలేదు, ఇంకొకళ్లకి అందలేదు. ఇంటికొచ్చాక ఆ మీటింగు పెట్టడమే దండగేమో అని మా ఆయనతో అన్నాను. ఆయన, "మాట రాలేదని ఆవిడకి తెలిసింది కదా. అదైనా నీ మీటింగు వల్లే" అన్నారు.

ఫిజిక్సు సప్లిమెంటరీ పరీక్ష మే నెలలో. సరిగ్గా కాయ జోరుగా కోసే రోజులు. వ్యాపారి గారు ఆ ఏడు రెడ్డిగూడెం పక్కన ఒక తోట కాపు కొన్నారు, రెడ్డిగూడెం తల్లి కాయ ఏరడానికి వచ్చేదీ అక్కడికే. పొద్దున్నే బండి మీద అక్కడికి వెళ్లేవారు. ఫలితాలైన వారానికి ఆయన ఫోన్ చేసి, "మేడం, మా అమ్మాయిని కూడా నాతో తోటకి తీసుకెళ్లమంటారా? ఇంట్లో ఒక్కతే ఉంటే నాకు పని మీద మనసు నిలవట్లేదండి. అక్కడ వాళ్ల ఫ్రెండుకి ఫిజిక్సు చెబుతానంటుంది" అన్నారు. ఆయన మార్కుల గురించి కాక వేరే సంగతి అడిగిన మొదటి ఫోన్ అది.

"తీసుకెళ్లండి. దారిలో మాత్రం చదువు మాట ఎత్తొద్దు" అన్నాను.

"మరి ఏం మాట్లాడాలండి?"

"అది మీరే చూసుకోవాలి."

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. "ఇవాళ కుక్కల గురించి మాట్లాడుకున్నామండి. దానికి కుక్కలంటే ఇష్టమంట. నాకు తెలీనే తెలీదు." ఆ గొంతులో సంబరం ఉంది. ఇంకోసారి, వాళ్ల నాయనమ్మ వండే పనసపొట్టు కూర గురించి దారంతా వాదించుకున్నామని చెప్పారు.

నేనూ ఆ రోజుల్లో రెండు మూడు సార్లు తోటకి వెళ్లాను, వాళ్లకి ఫిజిక్సు అర్థమవుతోందో లేదో చూద్దామని. పిల్లలిద్దరూ చెట్టు కింద పట్టా పరుచుకుని కూర్చునేవారు. ఒకళ్లు పైకి చదివి చెబుతుంటే ఇంకొకళ్లు అడ్డు ప్రశ్నలు వేసేవారు. కళ్లజోడు పిల్లకి, ఇంకొకళ్లకి చెప్పాల్సి వచ్చాక, తనకి అర్థం కానివేవో తెలిసొచ్చాయి. కొంచెం అవతల రెడ్డిగూడెం తల్లి కాయలు ఏరుతూ ఉండేది. కూతురు గట్టిగా చదివే మాటలు ఆమెకి వినపడేంత దూరం. మేస్త్రి ఒకసారి, "నీ కూతుర్ని కూడా పన్లోకి పెట్టవే, మనుషులు చాలట్లేదు" అన్నాడు. ఆమె ఏరుతున్న కాయ మీంచి చూపు తిప్పకుండా, "దానికి పనుందయ్యా" అంది.

తల్లీ కూతుళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు, కానీ ఆ దెబ్బ ఇద్దరి మధ్యా ఉంది. ఒకనాడు తల్లి నన్ను పక్కకి పిలిచింది.

"మేడంగారూ, కన్న కూతుర్ని తప్పయిపోయిందని అడగొచ్చాండి? పెద్దవాళ్లు అలా అడిగితే పిల్లలకి ఆయుష్షు తగ్గుద్దని మా అమ్మ అనేది."

"నాకూ తెలీదండి. మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ అడగ్గా నేను వినలేదు" అన్నాను. అది నిజం. ఆమె వెళ్లి ట్రేల దగ్గర కూర్చుంది.

సప్లిమెంటరీ పరీక్ష అయిన సాయంత్రం ఆమే ఫోన్ చేసింది.

"అడిగేశానండి" అంది.

"ఏమని?"

"పొద్దున తలదువ్వి జడేశానండి. ఎనిమిదో తరగతి కాణ్నించీ అదే వేసుకుంటుంది, నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఇవాళ దువ్వెన పట్టుకొచ్చి నా ముందు కూర్చుంది. వెనకమాల ఉన్నాను కదండీ, ముఖం కనపడదు. అప్పుడన్నాను. ఆ రోజు కొట్టకుండా ఉండాల్సింది తల్లీ అని."

"మరి తనేమంది?"

"జడ సగం అల్లేదాకా అలాగే కూర్చుందండి. తర్వాత, 'గట్టిగా వెయ్యమ్మా, ఊడిపోద్ది' అంది." ఆమె ముక్కు ఎగబీల్చింది. "గట్టిగానే వేశానండి. సాయంత్రం దాకా ఊడలేదు."

ఆ పిల్ల ఫిజిక్సు పాసైంది. గొప్ప మార్కులేమీ కాదు, పాసైంది. విజయవాడలో నర్సింగులో సీటు వచ్చింది. తండ్రి లారీ దిగి ఇంటికొచ్చి, ఎవరు ఎదురైతే వాళ్లకి చెప్పుకున్నాడు. కళ్లజోడు పిల్ల మెడిసిన్ పరీక్ష రాసింది, సీటు రాలేదు. ఇంకో ఏడాది కూర్చోబెట్టి కోచింగు ఇప్పిద్దామని బంధువులందరూ ఆయనకి చెప్పారు. ఆ పిల్ల తండ్రితో తోట నుంచి తిరిగి వస్తూ, బండి వెనక కూర్చునే, ఫిజియోథెరపీ చదువుతానని చెప్పిందట. వాళ్ల నాయనమ్మకి మోకాళ్ల నొప్పులకి వ్యాయామం చేయించడానికి ఒకామె ఇంటికొచ్చేది, ఆమెని చూసి పుట్టిన కోరికట.

"అదేం చదువో నాకు తెలీదు మేడం" అని ఆయన మా ఇంటికొచ్చి కూర్చున్నారు. చేతిలో చిన్నరసాల ట్రే. "మా అమ్మాయి ఏరి పెట్టిందండి మీకు." మా ఆయన కాఫీ తెచ్చారు. వ్యాపారి గారు ఎక్కడెక్కడ ఆ కోర్సు ఉందో, ఎవరెవర్ని కనుక్కున్నారో చెప్పారు. విజయవాడలో ఇద్దరు డాక్టర్లని కలిశారు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఆ రోజు మీటింగులో నేనొక మాటన్నాను."

"ఏ మాటండీ?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. నాకు గుర్తుందని ఆయనకి తెలుసు. "రసాలు రెండు రోజులాగి తినండి, ఇంకా పండాలి" అని చెప్పి మెట్లు దిగారు.

రెడ్డిగూడెం పిల్ల నర్సింగు కాలేజీకి బయల్దేరిన రోజు నేను నూజివీడు బస్టాండుకి వెళ్లాను. తండ్రి కూడా వెళ్లి హాస్టల్లో దించి రావాలి, తల్లి బస్టాండు దాకా వచ్చి వెనక్కి వెళ్లాలి. అదీ ఏర్పాటు. కళ్లజోడు పిల్ల కూడా వచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర ఏవో గుసగుసలాడుకుని నవ్వుకున్నారు. తల్లి సంచీలు సర్దడానికని బస్సెక్కింది. పచ్చడి సీసా ఒరిగిపోకుండా బట్టల మధ్య కుదేసింది. కండక్టర్ విజిలేశాడు. నేను కింద నిలబడి ఆమె దిగుతుందని చూస్తున్నాను. బస్సు కదిలింది. కిటికీలో కూతురి పక్కన ఆమె ముఖం కనపడింది. దిగనని నాకు చేత్తో సైగ చేసింది.

తర్వాత కొంతసేపటికి ఫోనొచ్చింది. వెనక బస్సుల హారన్లు.

"మేడంగారూ, ఆగిరిపల్లిలో దిగేశానండి. ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అని కూర్చున్నాను. మా ఆయనే దింపేశాడు, నీకు హాస్టల్లో సీటివ్వరే అని." నవ్వుతోంది. "నూజివీడు బస్సు ఏ పక్క ఆగుతుందండి ఇక్కడ?"

చెప్పాను. ఆమె రోడ్డు దాటేదాకా నేను ఫోను పెట్టలేదు.